శ్రీశైలం రాళ్లు చెప్పేదెంత, మనం చెప్పుకునేదెంత?

శ్రీశైలం వెళ్లినవారు మల్లన్న, భ్రమరాంబల దర్శనం, పాతాళగంగలో స్నానం, సాక్షి గణపతి, శిఖరేశ్వరం చూసుకుని, గేట్లు ఎత్తి ఉంటే డ్యామ్ దగ్గర కాసేపు ఆగి తిరుగుముఖం పడతారు. ఈ దారిలోనే రెడ్డిరాజులు, విజయనగర రాయల కట్టడాలున్నాయి. ఏది ఎవరిదో చెప్పే వేళకు స్థలపురాణం, గైడు మాట, శాసనం కలగలిసిపోతున్నాయి. వాటిని వీలైనంత వరకు విడదీసి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ప్రాచీనత సంగతి. నాసిక్ గుహలోని గౌతమీ బాలశ్రీ శాసనం, ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన పర్వతాల్లో 'సిరిటన'ను పేర్కొంది. అది శ్రీశైలమేనని పలువురు చరిత్రకారులు భావించారు. పేరు పోలికపై నిలిచిన గుర్తింపు కనుక దాన్ని సంభావ్యతగానే తీసుకోవాలి. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లోని 'సిరిపవత' విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ శాసనాలు మాట్లాడుతున్నది కృష్ణా నదిపై శ్రీశైలానికి బాగా దిగువనున్న విజయపురి గురించి. శ్రీపర్వతమన్న పేరు నల్లమల శ్రేణికంతటికీ చెల్లి ఉండవచ్చు. దాన్నిబట్టి మల్లికార్జునుడి గుడి ఇక్ష్వాకుల కాలానిదని తేల్చడం తొందరపాటే.

ఆధారం గట్టిపడేది 14వ శతాబ్దంలో. శక సంవత్సరం 1299లో, అంటే 1377లో, కొండవీటి అనవేమారెడ్డి ఇక్కడ వీరశిరోమండపం కట్టించాడు. భక్తి ఆవేశంలో వీరులు తలలు, నాలుకలు కోసి స్వామికి అర్పించుకునే చోటు అదని శాసనం చెబుతోంది. చదవగానే ఒళ్లు జలదరిస్తుంది, నమ్మబుద్ధి కాదు. కానీ ఆత్మార్పణ చేసుకున్నవారి శిల్పాలు తెలుగు, కన్నడ సీమల్లో చాలాచోట్ల దొరికాయి. కనుక ఇది వట్టి కవితాతిశయమని కొట్టిపారేయలేం. శ్రీశైలం చరిత్రలో అత్యంత విలువైన సాక్ష్యాల్లో ఇదొకటని నా అభిప్రాయం. దర్శనం క్యూలో వెళ్లే వేలమందికి దాని సంగతి చెప్పేవారు లేకపోవడం బాధాకరం.

పాతాళగంగ మెట్ల కథ మరోరకం. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలం, అహోబిలాలకు సోపానాలు కట్టించాడని ప్రసిద్ధి. విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించింది. వీరిలో ఒకరిది నిజం, మరొకరిది అబద్ధం కానక్కర్లేదు. ఇంత నిటారు లోయలో, వానకు రాళ్లు జారే చోట, ఒక వంశం వేసిన మెట్లను మరో వంశం బాగుచేయడమో పొడిగించడమో సహజం. 'ఫలానా రాజు కట్టించాడు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం అందుకే ప్రమాదం.

కృష్ణదేవరాయలు 1515లో కొండవీడు గెలిచాక ఇక్కడికి వచ్చి రథవీధిలో మండపాలు కట్టించాడు. 1677లో శివాజీ దక్షిణ దండయాత్రలో భాగంగా వచ్చాడు. ఉత్తర గోపురాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఆధారాలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. 2021లో ఇక్కడి ఘంటామఠం పునరుద్ధరణ పనుల్లో రాగిరేకులు దొరికాయి.

ఇప్పుడు మనకు కనిపించే నీటి ఒడ్డు మాత్రం ఈ రాజులెవరూ చూసినది కాదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు వల్ల కృష్ణ ఇక్కడ జలాశయమైంది. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వందకు పైగా పల్లెలు మునిగాయి. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో, రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టుపై తిరిగి నిలబెట్టారు. సప్తనదీ సంగమేశ్వరం మాత్రం ఉన్నచోటే మిగిలి, ఏటా మునుగుతూ వేసవిలో తేలుతోంది. తరలించిన గుళ్లలో శిల్పం దక్కింది. నదితో ఉన్న సంబంధం దక్కలేదు. కూడలి కోసం కట్టిన గుడిని కూడలికి దూరంగా చూస్తున్నామన్న స్పృహ చూసేవారికి ఉండాలి.

శ్రీశైలానికి త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం నాలుగు ద్వారాలని సంప్రదాయం. కడప జిల్లా సిద్ధవటం నుంచి తెలంగాణలోని అలంపురం దాకా పరుచుకున్న ఈ క్షేత్రాన్ని కొండ మీది ఒక్క గుడికే కుదిస్తే చరిత్ర సగమే తెలుస్తుంది.

దేవస్థానం, పురావస్తు శాఖ కలిసి ప్రతి ప్రధాన శాసనం పక్కన దాని సారాంశాన్ని, తేదీని నేటి తెలుగులో రాయించాలి. పాతాళగంగ దగ్గర మునిగిన ఊళ్ల పేర్లతో ఒక బోర్డు పెట్టాలి. యాత్రికులు అలంపురానికి మరో రోజు కేటాయించుకోవాలని, చూసిన ప్రతి కట్టడం దగ్గరా 'దీనికి ఆధారమేమిటి?' అని అడగాలని నా విన్నపం.