సాంబారులో గోధుమ పిండి ఉంటుందా? గ్లూటెన్ పడనివారు హోటల్‌లో ఏం అడగాలి?

గ్లూటెన్ పడదని డాక్టర్ చెప్పారు. హోటల్‌కు వెళ్తే చపాతీ, పూరీ మానేసి ఇడ్లీ సాంబారు తింటే సరిపోతుందనుకుంటున్నారా? ఇడ్లీ వరకు చాలాచోట్ల సరిపోతుంది. చిక్కు సాంబారు దగ్గర వస్తుంది.

ఇంట్లో ఉన్న ఇంగువ డబ్బా ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. మనం కొనేది అచ్చమైన ఇంగువ కాదు. దాని ఘాటు తట్టుకోలేం కాబట్టి తుమ్మ బంక, ఏదో ఒక పిండి కలిపి అమ్ముతారు. చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమ పిండి లేదా మైదా. కొన్నింటిలో బియ్యపు పిండి ఉంటుంది. ఇది కల్తీ కాదు, నిబంధనలు ఒప్పుకున్న తయారీ పద్ధతే. అదే ఇంగువ సాంబారు, రసం, పప్పు తాలింపు, పులిహోర, మజ్జిగ, పచ్చళ్లు అన్నింటిలోకీ చేరుతుంది. హోటల్‌లో ఏ డబ్బా వాడుతున్నారో మీకు కనిపించదు.

ఇంత జాగ్రత్త ఎవరికి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రొటీన్లను కలిపి గ్లూటెన్ అంటారు. సీలియాక్ వ్యాధి ఉన్నవారు దీన్ని తింటే వారి రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకునే లోపలి పొర దెబ్బతింటుంది. రక్తహీనత, విరేచనాలు, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల మందగించడం దాని ఫలితాలు. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండే చికిత్స.

ఎంత తక్కువ తింటే ఫర్వాలేదు? రోజుకు సుమారు 10 మిల్లీగ్రాములు దాటకూడదన్నది వైద్యులు సాధారణంగా చెప్పే హద్దు. ఒక గోధుమ బ్రెడ్ ముక్కలో దాదాపు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే ఆ ముక్కలో 200వ వంతు. పెనం మీద మిగిలిన పొడి చాలు. పైగా తిన్న వెంటనే కడుపునొప్పి రాలేదంటే ఏమీ కాలేదని అర్థం కాదు. లక్షణాలు బయటపడకుండానే పేగు దెబ్బతినొచ్చు.

బరువు తగ్గడానికి గోధుమ మానేసినవారికి చిటికెడు ఇంగువతో వచ్చే ఇబ్బందేమీ లేదు. వారికీ సీలియాక్ ఉన్నవారికీ తేడా హోటల్ వాళ్లకు తెలియకపోవడమే అసలు ఇబ్బంది. సీలియాక్ ఉందేమోనని అనుమానం ఉంటే, రక్త పరీక్ష చేయించుకునేదాకా గోధుమ మానేయకండి. మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

ప్యాకెట్ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ప్యాకెట్ ఆహారంలో గోధుమ, బార్లీ, రై, ఓట్స్ వంటివి ఉంటే అలర్జీ కారకాల కింద విడిగా ప్రకటించాలి.

హోటళ్ల విషయంలో 2020 లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనలు ఉన్నాయి. కేంద్ర లైసెన్స్ ఉన్నవి, లేదా 10 అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న రెస్టారెంట్లు వంటకాల్లో ఉన్న అలర్జీ కారకాల సమాచారం ఇవ్వాలి. ఆ జాబితాలో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఉన్నాయి. కాబట్టి పెద్ద చైన్ రెస్టారెంట్‌లో కూర్చుంటే ‘అలర్జీ సమాచారం చూపించండి’ అని అడగడం మీ హక్కు. మీ వీధి చివరి టిఫిన్ సెంటర్‌కు, కర్రీ పాయింట్‌కు ఈ నిబంధన వర్తించదు. మనం ఎక్కువగా తినేది అక్కడే.

చిన్న హోటల్ మెనూలో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని కనిపించినా వెంటనే నమ్మకండి. 20 మిల్లీగ్రాముల లెక్క తేల్చే పరికరం ఏ వంటింట్లోనూ ఉండదు. గోధుమ వేయలేదన్న అర్థంలోనే చాలామంది ఆ మాట వాడతారు. అదే పెనం మీద కాల్చారా లేదా అన్నది వేరే ప్రశ్న.

ప్లేటులో ఏముంది?

టిఫిన్లలో ఇడ్లీ మేలు. అది విడి పాత్రలో, ఆవిరి మీద ఉడుకుతుంది. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ అంటే బియ్యపు రవ్వే. రవ్వ ఇడ్లీ మాత్రం బొంబాయి రవ్వతో చేస్తారు, అది గోధుమే. దోశ పిండిలో తప్పు లేకపోయినా పెనం దగ్గర ఆగి చూడండి. అదే పెనం మీద మైదా, బొంబాయి రవ్వ కలిపిన రవ్వ దోశ, పరోటా కాలుస్తుంటే మీ సాదా దోశ కూడా పనికిరాదు. పెసరట్టు మంచిదే, ఎమ్మెల్యే పెసరట్టు కాదు. లోపల ఉప్మా ఉంటుంది. గారె, పునుగులు కరకరలాడాలని కొందరు మైదా, రవ్వ కలుపుతారు. కలపకపోయినా మైసూర్ బోండా వేగిన నూనెలోనే ఇవీ వేగుతాయి. చట్నీ అయితే తాలింపు లేకుండా అడగండి.

బిర్యానీలో అన్నం, మాంసం, మసాలాతో ఇబ్బంది లేదు. కానీ దమ్ కోసం హండీ మూతను గోధుమ పిండి ముద్దతో మూసే చోట్లు ఉన్నాయి. వేయించిన ఉల్లిపాయ బయట కొన్నదైతే దానికి పిండి పట్టించి ఉండొచ్చు. ఈ రెండూ అడగండి. హలీమ్‌లో గోధుమ రవ్వే ప్రధానం, ఆ ఆశ వదులుకోవాల్సిందే. చికెన్ 65, మంచూరియాల్లో మైదా, సోయా సాస్ రెండూ ఉండే అవకాశం ఎక్కువ. సోయా సాస్ తయారీలో సాధారణంగా గోధుమ వాడతారు.

‘మిల్లెట్’ బోర్డు చూసి ధైర్యపడకండి. జొన్న, రాగి, సజ్జల్లో గ్లూటెన్ లేదు. అయితే జొన్నరొట్టె విరగకుండా ఉండాలని గోధుమ పిండి కలిపేవారున్నారు. గోధుమలు ఆడించిన పిండి మరలోనే జొన్నలూ ఆడిస్తే కలపకుండానే కలుస్తుంది. రాగి మాల్ట్ అని మనం తాగే రాగి జావ వేరు, పాలలో కలుపుకొనే మాల్ట్ పొడులు వేరు. ఆ పొడుల్లో బార్లీ ఉంటుంది. బీరు కూడా బార్లీదే.

స్వీట్లలో పూతరేకులు, అరిసెలు, సున్నుండలకు గోధుమ అక్కర్లేదు. కాజా, బొబ్బట్లు, డబుల్ కా మీఠా గోధుమ సరుకు.

ఎలా అడగాలి?

సర్వర్‌ను ‘గ్లూటెన్ ఉందా?’ అని అడిగితే ‘లేదు సర్’ అనేస్తారు. దక్షిణాదిలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది, ఆ మాట వినని వారే ఎక్కువ. గోధుమ, మైదా, రవ్వ అని పేరు పెట్టి అడగండి. వీలైతే మాస్టర్‌నే అడగండి. రద్దీ లేని వేళ వెళ్తే ఆయనకు సమాధానం చెప్పే తీరిక ఉంటుంది. ఈ మాటలు ఫోన్‌లో దాచుకుని చూపించండి:

“నాకు గోధుమ పడదు, జబ్బు చేస్తుంది. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బార్లీ, సోయా సాస్, ఇంగువ వేసినవి తినకూడదు. వాటికి వాడిన పెనం, నూనె, గరిటె నా వంటకు వాడకండి. అన్నం, మినప్పప్పు, పెసలు, కూరగాయలు, గుడ్లు, మాంసం, పెరుగు తినొచ్చు.”

హైదరాబాద్‌లో చాలా వంటిళ్లలో హిందీ మాట్లాడేవారు ఉంటారు. వారికి గేహూ, ఆటా, మైదా, సూజీ, దలియా, జౌ, హీంగ్ అని చెబితే వెంటనే అర్థమవుతుంది.

యాప్‌లో ఆర్డర్ చేస్తే ‘సూచనలు’ గడిలో రాసి వదిలేయకండి. అది వంట చేసే మనిషి దాకా వెళ్తుందన్న భరోసా లేదు. ముందు హోటల్‌కు ఫోన్ చేయండి. పెళ్లి భోజనాల్లో తెల్లన్నం, పెరుగు, పండ్లు మీద ఆధారపడటం, లేదా ముందే ఇంట్లో తిని వెళ్లడం మంచిది. బఫేలో ఒకే గరిటె నాలుగు గిన్నెలు తిరుగుతుంది.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

ముందు బిల్లు దాచండి. దాని మీద, హోటల్ గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటుంది. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో గానీ 1800-112-100 నంబర్‌కు గానీ ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. మెనూ ఫొటో, సర్వర్‌కు మీరు చూపించిన సందేశం జత చేయండి.

‘గ్లూటెన్ ఫ్రీ’ అని అమ్మిన పదార్థం మీదే అనుమానం ఉంటే ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ఉపయోగపడుతుంది. కొన్నవారు ఎవరైనా రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకు పంపుతున్నట్లు కొనే సమయంలోనే అమ్మినవారికి చెప్పాలి. పదార్థం ప్రమాణాలకు తగ్గట్టు లేదని నివేదిక వస్తే మీరు కట్టిన రుసుము తిరిగి ఇస్తారు.