కిలిమంజారో ఎక్కడానికి ఎన్ని రోజులు?

టాంజానియాలోని కిలిమంజారో (5,895 మీటర్లు) ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన పర్వతం. మామూలు దారుల్లో తాళ్ళు, మంచుగొడ్డళ్ళు అక్కర్లేదు, అంతా నడకే. అందుకే మనలాంటి కుర్చీ ఉద్యోగస్తులు కూడా ధైర్యం చేస్తుంటారు. అయితే గైడు లేనిదే ఎక్కనివ్వరు. బృందంతోపాటు వంటమనిషి, సామాను మోసే పోర్టర్లు కూడా వస్తారు.

మరంగు దారిలో పడుకోవడానికి చెక్క గదులుంటాయి, మచామే దారిలో గుడారాలే. సెలవులు లెక్కపెట్టుకునే మనవాళ్ళు చవగ్గా దొరికే ఐదు రోజుల ప్యాకేజీకే మొగ్గుతారు. చిక్కంతా అక్కడే! శిఖరం మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో దాదాపు సగమే. దానికి ఒళ్ళు అలవాటు పడడానికి రోజులు పడుతుంది, జిమ్ము కండలు ఆ పని చెయ్యలేవు. మచామే దారిలో పగలు సుమారు 4,600 మీటర్ల ఎత్తున్న లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రికి 3,900 మీటర్ల దగ్గరున్న బరంకో శిబిరానికి దించేది ఇందుకే.

శిఖరానికి అర్ధరాత్రి బయలుదేరతారు. గైడ్లు "పోలె పోలె" అంటూనే ఉంటారు, స్వాహిలీలో 'మెల్లగా' అని. మా బృందంలో అందరికంటే చురుగ్గా నడిచిన మిత్రుడే ఆ రాత్రి తూలడం మొదలెట్టాడు. ఎంత బతిమాలినా గైడు వినలేదు, వెనక్కి పంపేశాడు. తలనొప్పి చాలామందికి వస్తుంది. కానీ అడుగు తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగాల్సిందే. ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరునడిగి వాడొచ్చు గానీ, అవున్నాయి కదా అని ఇంకా పైకి వెళ్ళకూడదు.

కనీసం ఏడు రోజుల ప్యాకేజీ తీసుకోండి. గైడ్లకు, పోర్టర్లకు ఇచ్చే టిప్పులు అందులో కలవవు, ముందే లెక్కలో వేసుకోండి.