టాకోష్ రిఫార్మ్‌డ్ చర్చి

ఈశాన్య హంగరీలో, ఉక్రెయిన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బెరెగ్ ప్రాంతపు పల్లె టాకోష్‌లోని ప్రొటెస్టెంటు ప్రార్థన మందిరం. కాల్విన్ బోధనను అనుసరించే రిఫార్మ్‌డ్ శాఖ గ్రామస్థులు దీన్ని 18వ శతాబ్దంలో కట్టుకున్నారు. గోడలకు రాయి గానీ ఇటుక గానీ వాడలేదు. కర్రల మధ్య తడికె అల్లి, దాని మీద మట్టి మెత్తి గోడలు లేపారు. లోపల నేల కూడా మట్టిదే. అందుకే పారిస్‌లోని ప్రసిద్ధ చర్చి పేరు మీదుగా దీనికి ‘చెప్పుల్లేని నోత్ర్ దామ్’ అని ప్రేమగా పేరు పెట్టుకున్నారు.

ఇంత నిరాడంబరమైన గోడల మీద అంత రంగుల కప్పు ఉండడమే ఈ మందిరం గొప్పతనం. ఫెరెంట్స్ లాండోర్ అనే వడ్రంగి 1766లో చెక్క కప్పును చదరపు గళ్లుగా అమర్చి, వాటి నిండా పూలూ తీగలూ చిత్రించాడు. గడి గడికీ అల్లిక మారుతుంది. రిఫార్మ్‌డ్ సంప్రదాయంలో పటాలకూ విగ్రహాలకూ చోటు లేదు. అందుకే పల్లె చిత్రకారుడి నేర్పంతా పూల మీదికే మళ్లింది. బల్లలకూ రంగులద్దారు. వాక్యబోధే ఆరాధనకు కేంద్రం కనుక ప్రసంగ వేదికను ఎత్తుగా నిలిపారు. దాని అడుగున ఉన్నది ఒక తిరగలి రాయి.

గంటను మందిరం మీద కాక, పక్కనే విడిగా కట్టిన చెక్క గోపురంలో వేలాడదీశారు.