లీటరు లెక్క

ఉప్పాడలో తెల్లారింది. గట్టు రాళ్ళకి అల కొట్టుకున్న చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది. మగ్గం మాత్రం మోగడం లేదు. జాంధానీ పువ్వు సగంలో ఆగిపోయింది. నేసే మనిషి రాత్రంతా పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

మీరు గుమ్మంలో నిలబడ్డారు. ఏడాదిన్నర వాడు. నీళ్ళలా ఐదు విరేచనాలు, రెండు వాంతులు.

"పళ్ళొస్తున్నాయే, అంతే! పాలు మాన్పించు, కట్టేస్తుంది" అంటూ నాన్నమ్మ ఓఆర్‌ఎస్ పొట్లం చింపింది. గ్లాసులోకి వంచబోతుంటే ఆశా కార్యకర్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు మామ్మా! అదంతా గ్లాసుడు నీళ్ళలో పోస్తే మనవడికి సముద్రం తాగించినట్టే."

మాట ఊరికే అనలేదు. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఈ పొట్లంలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5. పేగు గోడ దగ్గర గ్లూకోజు ఉప్పుని వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, వాటి వెనకే నీరూ పోతుంది. అది లీటరుకి కట్టిన లెక్క. చిక్కగా కలిపితే ఒంట్లో నీరే పేగులోకి దిగిపోతుంది.

కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు సీసాతో కొలిచి, పొట్లం కలిపింది. పిల్లాడి పొట్ట చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. మడత వెంటనే సర్దుకుంది. "ఇంట్లోనే చూసుకోవచ్చు. మత్తుగా పడున్నా, తాగలేకపోయినా, నెత్తురు పడినా ఆసుపత్రికి పరిగెత్తాలి. పాలు మానకు."

ఒక చెంచా. రెండు. మూడో చెంచాకి కక్కేశాడు.

"చూశావా!" అంది నాన్నమ్మ.

"పది నిమిషాలు ఆగుదాం." ఎవరూ మాట్లాడలేదు. సముద్రం ఒక్కటే. తర్వాత మళ్ళీ చెంచా, ఈసారి ఇంకా నిదానంగా.

"చిన్నప్పుడు మూడుసార్లు రోటా చుక్కలు వేయించాం కదా?" తల్లి అడిగింది. 2016లో ఆ టీకా దేశంలో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

"అది రోటా వైరస్ విరేచనాలు ముదరకుండా కాస్తుంది. మురికి చేత్తో, నీళ్ళతో వచ్చేవి వేరే ఉన్నాయి." జింక్ బిళ్ళ చెంచాలో కరిగించి పట్టింది. "విరేచనాలు ఆగినా 14 రోజులూ వెయ్యాలి."

ఎండ మగ్గం దాకా పాకింది. ఉన్నట్టుండి తల్లి చీర తడిసింది. "ఉచ్చ పోశాడే!" రాత్రి నుంచి ఇదే మొదలు. ఆమె లేవలేదు, నవ్వింది.

నాన్నమ్మ ఖాళీ సీసా కడిగి, దేవుడి గూటి పక్కన పెట్టింది. "దీన్ని ఎవరూ పారేయకండి."