సిడ్నీ తీరంలో స్నానం, శాసనం

న్యూ సౌత్ వేల్స్ వలస ప్రభుత్వం 1833లో సిడ్నీ పట్టణానికి చేసిన పోలీసు చట్టంలో, ఉదయం ఆరు గంటల నుంచి రాత్రి ఎనిమిది గంటల వరకు సిడ్నీ కోవ్‌లో ఎవరూ స్నానం చేయరాదని ఒక నిబంధన చేర్చింది. 1838 నాటి చట్టం దానిని ఇతర పట్టణాలకూ విస్తరించి, రేవుకు గాని వీధికి గాని జనం మసలే మరే చోటికి గాని కనిపించేంత దూరంలో పగటిపూట స్నానం చేయడాన్ని నేరంగా పరిగణించింది. నాటి మగవారు చాలామంది దిగంబరంగానే నీటిలోకి దిగేవారు కనుక, శాసనకర్తలకు పట్టింది ఒంటి మీద బట్ట లేకపోవడమే తప్ప అలల ఉధృతి కాదు.

మర్యాద కోసం పుట్టిన ఈ నిషేధం ప్రాణాపాయానికి దారి తీసిన తీరు చరిత్రకారులు మరింత శ్రద్ధతో గమనించవలసిన విషయం. పగలంతా సముద్రం మూసి ఉండడంతో తీరవాసుల్లో ఈత నేర్చినవారు కూడా రాతి గోడలతోనో కర్రల కంచెలతోనో కట్టిన స్నానఘట్టాల నిశ్చల జలంలో నేర్చినవారే. విరిగిపడే అల కిందికి మునగడం, ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాన్ని (స్థానికులు 'రిప్' అనేది దీనినే) గుర్తుపట్టడం వారికి తెలియని విద్యలు. 1890లలో మ్యాన్లీ తీరంలో అలల మీద ఒంటిని తేల్చి ఒడ్డుకు చేరే పద్ధతిని చూపినవాడు టామీ టాన్నా అనే పసిఫిక్ ద్వీపవాసి. అతని పేరులోనే అతని ద్వీపం ఉంది. శ్వేతజాతీయుల చట్టం మూసిన సముద్రపు మర్మాన్ని వారికి చెప్పినవాడు వలసపాలన చిన్నచూపు చూసిన జాతికి చెందినవాడు కావడం గమనార్హం.

1902 అక్టోబరులో మ్యాన్లీ పత్రికా సంపాదకుడు విలియం గోచర్, ముందుగా తన పత్రికలో ప్రకటించి మరీ, పట్టపగలు సముద్రంలో దిగాడు. పోలీసులు అతని మీద కేసు పెట్టలేదు. అప్పటికే చాలామంది చాటుమాటుగా నిషేధాన్ని ఉల్లంఘిస్తూనే ఉన్నందున ఈ వీరగాథలో కొంత అతిశయోక్తి లేకపోలేదు. ఏదేమైనా 1903 నవంబరులో మ్యాన్లీ పురపాలక సంఘం, మెడ నుంచి మోకాలి దాకా కప్పే దుస్తులు ధరించాలన్న షరతుతో పగటి స్నానాన్ని అనుమతించింది. ద్వారం తెరుచుకోగానే జనం వచ్చారు, వారి వెనకే మునకలూ వచ్చాయి. అలల భాష ఎరుగనివారు వేలల్లో ఒక్కసారిగా నీటిలోకి దిగితే జరగవలసినదే జరిగింది.

అప్పుడు పురపాలకులు మొదట ఆలోచించింది మళ్లీ బట్టల గురించే. 1907లో వేవర్లీ, ర్యాండ్విక్, మ్యాన్లీ మేయర్లు మగవారు కూడా లంగా వంటి కుచ్చు ఉన్న దుస్తులు వేసుకోవాలని ప్రతిపాదించగా, అక్టోబరు 20న స్నానప్రియులైన యువకులు తల్లుల పెట్టీకోట్లూ ఇంట్లోని కర్టెన్లూ చుట్టుకుని బాండై తదితర తీరాల్లో ఊరేగి ఆ ప్రతిపాదనను నవ్వులపాలు చేశారు. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది. ఆ నెలలోనే తీరస్నాన సంఘాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. నిజమైన రక్షణ ఏర్పాటు ఈ సంఘాల నుంచే వచ్చింది. అదే 1906 చివర బాండైలో ప్రదర్శించిన రీలు, అంటే పొడవైన తాడు చుట్టిన పెద్ద కండె. నడుముకు పట్టీ కట్టుకున్న ఈతగాడు ఆ తాడును వెంట లాక్కుంటూ మునుగుతున్నవారి దగ్గరకు వెళితే, ఒడ్డున ఉన్నవారు ఇద్దరినీ వెనక్కి లాగేవారు. నిబంధన నీటిలోకి దిగవద్దంటే, రీలు దిగినవారిని బయటకు తెచ్చింది.

ఈ స్వచ్ఛంద సేవకు కఠిన పరీక్ష 1938 ఫిబ్రవరి 6, ఆదివారం నాడు ఎదురైంది. బాండైలో వరుసగా వచ్చిన పెద్ద అలలు ఇసుక మేటపై నిలుచున్న వందలాది మందిని లోతుకు ఈడ్చుకుపోయాయి. పోటీ కోసం పెద్ద సంఖ్యలో చేరి ఉన్న సంఘ సభ్యులు వెంటనే దూకడంతో ప్రాణనష్టం ఐదుగురికి పరిమితమైంది.

పురపాలక సంఘాల పాత అలవాటు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. 1935 నాటి ఉత్తర్వు స్నానపు దుస్తుల కాళ్లు కనీసం మూడు అంగుళాలు ఉండాలని ఆదేశించింది. వేవర్లీ పురపాలక సంఘం బీచ్ ఇన్‌స్పెక్టర్ ఆబ్ లైడ్లా బికినీలు కొలిచి, కొలతకు తక్కువైనవారిని తీరం నుంచి పంపివేయడంతో పేరుపొందాడు. అయితే ఆయనే గొప్ప ఈతగాడు, ఎందరినో కాపాడినవాడు కూడా. 1961లో ఆ కొలతలు రద్దయ్యాయి. కాని 1930ల నడుమ వచ్చిన ఎరుపు పసుపు జెండాలు నిలిచాయి, ఎందుకంటే అవి స్నానాన్ని నిషేధించలేదు, ఆ పూట ఎక్కడ ఈదడం మేలో సూచించాయి.

అయితే సూచించినవాడికి బాధ్యతా తప్పదు. 1997లో బాండైలో జెండాల మధ్యనే ఈదుతున్న ఒక యువకుడు నీటి కింది ఇసుక దిబ్బను ఢీకొని పక్షవాతానికి గురికాగా, 2002లో జ్యూరీ ఆ తీరాన్ని నిర్వహించే వేవర్లీ పురపాలక సంఘాన్ని తప్పుపట్టి సుమారు 37.5 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించింది. అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేయగా, 2005లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం దానిని మెజారిటీతో పునరుద్ధరించింది. ఈలోగా రాష్ట్ర శాసనసభ 2002లో పౌర బాధ్యతా చట్టం చేసి, స్పష్టంగా కనిపించే ప్రమాదం గురించి హెచ్చరించే బాధ్యత సాధారణంగా ఎవరికీ ఉండదని పేర్కొంది. బట్ట కొలవడంతో మొదలైన పాలన, ఈ విధంగా, నీటి అడుగున ఇసుక ఎంత ఎత్తున్నదన్న వాదంలో వచ్చి పడింది.