గాజు పగుళ్లు: అతిధ్వని అధ్యయన చరిత్ర

పెళుసు గాజు విరిగేటప్పుడు పగులు ఏ క్షణాన ఎక్కడుందో, ఎంత వేగంతో సాగిందో అతిధ్వని తరంగాలతో తేల్చే పద్ధతి ఒకటుంది. 20 వేల హెర్ట్జ్‌లకు పైబడి, మనిషి చెవికి అందని ధ్వనులే అతిధ్వనులు. మార్కాపురం పలకరాయికి ఉలి పెట్టి కొడితే పొర వెంబడి విడిపోతుంది. గాజులో అలాంటి పొరలు లేవు. లాగుడు ఏ దిక్కున ఎక్కువగా ఉంటే దానికి అడ్డంగా పగులు సాగుతుంది. ఆ దిక్కు రవంత మారినా పగులూ వంగుతుంది. ఈ పద్ధతికి ఆధారం ఆ గుణమే.

గాజు పగలడం గురించి రాబర్ట్ హుక్ 1665లోనే రాసినా, శాస్త్రీయ పునాది పడింది 1921లో. గాజు ఉండాల్సినంత గట్టిగా ఉండకపోవడానికి అందులోని సూక్ష్మమైన పగుళ్లే కారణమని ఆ ఏడాది ఇంగ్లండులో ఎ.ఎ. గ్రిఫిత్ నిరూపించాడు. 1930లలో జర్మనీకి చెందిన హుబర్ట్ షార్డిన్ తన అతివేగ కెమెరాతో పగులును ఫొటోలు తీశాడు. మామూలు కిటికీ గాజులో ఆ వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లను మించదని తేలింది. 1939లో హెల్మట్ వాల్నర్ విరిగిన ముఖాల మీది వంపు గీతలకు కారణం చెప్పాడు: పగులు పుట్టించిన ధ్వని తరంగాలే తిరిగి పగులును తాకి ఆ గీతలు మిగులుస్తాయి.

వాల్నర్ చూసినవి వాటంతటవే పడిన గీతలు. వాటిని కావాలని, లెక్కప్రకారం గీయించినవాడు ఫ్రాంక్ కెర్కోఫ్. 1953లో వెలువడిన ఆయన పద్ధతి ఎంతో సొగసైనది. గాజు పలకకు స్ఫటిక కంపకాన్ని అమర్చి, తెలిసిన పౌనఃపున్యంతో అడ్డు తరంగాలు (సాగే దిశకు అడ్డంగా కంపించేవి) పంపుతారు. అవి లాగుడు దిశను క్షణక్షణం అటూ ఇటూ ఊపుతాయి, పగులూ దానితోపాటు ఊగుతుంది. విరిగిన ముక్కను ఏటవాలు వెలుతురులో చూస్తే సన్నని అలలు వరుసగా కనిపిస్తాయి. రెండు అలల మధ్య దూరాన్ని పౌనఃపున్యంతో గుణిస్తే వేగం వస్తుంది. 10 లక్షల హెర్ట్జ్‌ల వద్ద అలల ఎడం 1.5 మిల్లీమీటర్లుంటే, వేగం సెకనుకు 1,500 మీటర్లు. కెమెరా పటంలో కొన్ని క్షణాలే దొరుకుతాయి. ఇక్కడ పగులు తన ప్రయాణమంతా తానే గాజు మీద రాసి వెళుతుంది. శుద్ధ సిలికా గాజులో పగులు సెకనుకు 2,000 మీటర్లు దాటుతుంది.

పగులు వేగానికి హద్దు ఆ పదార్థంలో ధ్వని వేగంతో ముడిపడి ఉంటుంది; ధ్వని వేగం స్థితిస్థాపక గుణకాలను, అంటే పదార్థం బిగువును తెలిపే అంకెలను బట్టి ఉంటుంది. ఆ గుణకాలను అతిధ్వనులతో కొలవడంలో తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చేసిన కృషి గొప్పది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం ఆ పరిషత్తులో ఉండగా 1940లలో భీమసేనాచార్‌తో కలిసి వజ్రం గుణకాలను ఈ విధంగానే నిర్ణయించారు. బి. రామచంద్రరావుతో కలిసి అతిధ్వనుల వల్ల కాంతి వివర్తనం చెందే తీరును పరిశీలించారు. వీరు పగుళ్ల జోలికి పోలేదు గాని, పగులు వేగాన్ని దేనితో పోల్చి చూడాలో అలాంటి కొలతలే చెబుతాయి.

తర్వాతి దశాబ్దాలలో నెమ్మదిగా సాగే పగుళ్లకు తక్కువ పౌనఃపున్యాలు వాడారు. 2001లో షరాన్, ఫైన్‌బెర్గ్ బృందం పగులు అంచు వెంట ప్రత్యేక తరంగాలు పరుగెత్తుతాయని ప్రకటించింది. 2003లో బొనమీ, రవి-చందర్ గాజులోకి అతిధ్వని తరంగాలను చిన్న విడతలుగా పంపి, విరిగిన ముఖం మీది గుర్తులను ఆ ప్రత్యేక తరంగాల అవసరం లేకుండా మామూలు అడ్డు తరంగాలతోనే వివరించవచ్చని వాదించారు.