పైఖర్చుల కథ

ఓవర్‌హెడ్ అన్న ఆంగ్లపదానికి మనకున్న మాట పైఖర్చు. ఆ మాటలోనే కొంత నింద ఉన్నది; అసలు పనికి అక్కరలేనిదేదో పైన వచ్చి పడినట్లు ధ్వనిస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధనను 80 ఏళ్లకు పైగా నిలబెట్టిన సొమ్ములో ఒక ముఖ్యభాగానికి ఈ పేరే దక్కింది. దానివలన వచ్చిన చిక్కు చిన్నది కాదు.

రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం, వ్యవసాయం వంటి కొన్ని రంగాలలో తప్ప, అక్కడి కేంద్రప్రభుత్వం విశ్వవిద్యాలయ పరిశోధనకు పెద్దగా ధనసహాయం చేయలేదు. 1941లో వానెవర్ బుష్ నాయకత్వాన ఏర్పడిన శాస్త్ర పరిశోధనా కార్యాలయం యుద్ధానికి కావలసిన పరిశోధనను విశ్వవిద్యాలయాలకు ఒప్పందాల మీద అప్పగించింది. అందులోని సూత్రం ఒక్కటే: సంస్థకు లాభమూ ఉండరాదు, నష్టమూ ఉండరాదు. శాస్త్రజ్ఞుని జీతం, పరికరాల వెల ఇస్తే చాలదు. భవనం, విద్యుత్తు, గ్రంథాలయం, లెక్కలు వ్రాసే గుమాస్తా, వీటన్నిటిలో ఆ పనికి వచ్చే వాటాను కూడ చెల్లించవలె. అంటే పైఖర్చు దానంగా కాదు, బాకీగా పుట్టింది.

1947లో నౌకాదళ పరిశోధనా కార్యాలయం ఈ లెక్కకు నియమాలు ఏర్పరచింది. 1958లో బడ్జెట్ శాఖ వెలువరించిన ఏ-21 ఉత్తరువు వాటిని ప్రభుత్వమంతటికీ విస్తరింపజేసింది. వైద్య పరిశోధన గ్రాంట్లకు మాత్రం తొలుత 8 శాతమే పరిమితి. అది 15కు, 20కి పెరిగి, 1960ల నడుమ తొలగిపోయింది. అటుపిమ్మట ప్రతి సంస్థకూ దాని ఖర్చులను పరిశీలించి రేటు నిర్ణయించే పద్ధతి స్థిరపడింది.

ఈ రేటును చాలమంది పొరబడి చదువుతారు. 50 శాతమంటే గ్రాంటులో సగం కాదు. 100 డాలర్ల ప్రత్యక్ష వ్యయం మీద మరి 50. అంటే మొత్తంలో మూడవ వంతు. పెద్ద పరికరాల వెల వంటివి ఈ లెక్కలోనికే రావు.

1991లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం లెక్కలలో ఒక విహారనౌక తరుగుదల, అధ్యక్షభవనంలోని పూల ఖర్చు బయటపడినవి. కాంగ్రెస్ విచారణ జరిగింది. అధ్యక్షుడు డొనాల్డ్ కెనెడీ పదవి వదలుకొన్నారు. ఆ యేడే పరిపాలన వ్యయానికి 26 శాతం పరిమితి వచ్చింది. 1994లో ఆ వివాదం రాజీతో ముగిసింది, మోసం జరిగినట్లు తేలలేదు. అయినా జనం మనసులో మిగిలినది ఆ నౌకే.

2025 ఫిబ్రవరిలో జాతీయ ఆరోగ్య సంస్థలు అందరికీ ఒకే 15 శాతం రేటు ప్రకటించినవి. రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు న్యాయస్థానానికి వెళ్లగా, ఆ ఏప్రిల్‌లోనే మసాచుసెట్స్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దానిని నిలిపివేసింది.

మన ప్రాచీన శాసనాలలో అఖండదీపానికి నేయి సమకూర్చుటకై గొర్రెలను దానమిచ్చిన దాతలు కనబడతారు. దీపం పెట్టిన పుణ్యమొక్కటే చాలదనీ, అది ఆరకుండ ఉండడానికి రోజూ ఖర్చవుతుందనీ వారెరుగుదురు. నేయిలో ఎవరైన చేయి పెట్టితే లెక్క అడగవలసినదే, తగ్గించవలసిన చోట తగ్గించవలసినదే. కాని నేయి దండుగ అనరాదు. నిధులు దండిగా గల పెద్ద సంస్థలు కొంతకాలం తమ సొమ్ముతో వత్తి తడుపుకొనగలవు. ఆ వెసులుబాటు లేని చిన్న విశ్వవిద్యాలయాలలో ముందుగా చీకటి పడుతుంది.